ఆఫ్రికా బడుల మీద ఇంత పరిశోధన జరుగుతున్నా అది అక్కడి బడులకు ఎందుకు చేరడం లేదు?

ప్రశ్న: శోధిని (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. నేను విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. చేస్తున్నాను. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 12,000 మంది పిల్లలను 2002 నుంచి విడతల వారీగా కలుస్తూ, వారి చదువు, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితులను నమోదు చేస్తున్న ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం గురించి ఇక్కడ కొందరికి తెలిసే ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనంలో మన వైపు పనిని హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం వంటి సంస్థలు చూశాయి. అందులోని ఇథియోపియా పిల్లల చదువునూ మన పిల్లల చదువునూ పోల్చి ఒక అధ్యాయం రాయాలన్నది నా ఉద్దేశం.

దానికోసం ఇథియోపియా, కెన్యా, ఉగాండా, టాంజానియాల ప్రాథమిక విద్య గురించి ఏడాదిగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక విషయం నన్ను ఇబ్బంది పెడుతోంది. ఆయా దేశాల బడుల మీద వచ్చిన పరిశోధన తక్కువేమీ కాదు, కొన్ని అంశాల్లో మన రాష్ట్రాల మీద ఉన్నదానికంటే ఎక్కువే ఉంది. అయితే నేను చదివిన పేరున్న వ్యాసాల్లో మొదటి రచయిత ఆ దేశంలోనే ఉండి, అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తున్న మనిషి కావడం చాలా అరుదు. మరోవైపు, సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో పదేళ్ల పిల్లల్లో పది మందికి దాదాపు తొమ్మిది మంది ఒక చిన్న పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు, యునెస్కో తదితర సంస్థలు 2022లో అంచనా వేశాయి. అంటే ఇంత పరిశోధన జరిగిన చోటనే ఇంత తక్కువ చదువు ఉంది.

దీనికి డబ్బు లేకపోవడమే కారణమని నా తోటి విద్యార్థులు తేలిగ్గా చెబుతున్నారు. నాకు అది సరిపోవడం లేదు, ఎందుకంటే ఈ పరిశోధనలన్నిటికీ ఎవరో ఒకరు డబ్బు పెట్టారు కదా. పరిశోధన ఫలితం ప్రభుత్వ బడికి చేరే దారిలో అసలు అడ్డు ఎక్కడ పడుతోంది? అక్కడి పరిశోధకులు తమ ప్రశ్నలను తామే వేసుకునే స్థితిలో ఎందుకు లేరు? ఆ దేశాల్లో ఉండి పనిచేసినవారు, ఈ రంగంలో ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: పూర్వ అధ్యాపకుడు (గుంటూరు)

శోధిని గారూ, 2000 దశకం చివర్లో నేను దక్షిణ ఇథియోపియాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఆ రోజుల్లో అక్కడి కొత్త విశ్వవిద్యాలయాల్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉండేవారు. 1990ల మొదట్లో ఆ దేశానికి ఉన్నవి రెండే రెండు విశ్వవిద్యాలయాలు, ఒకటి అడిస్ అబాబాలో, మరొకటి తూర్పున హరమాయలో. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అవి ముప్పై దాటాయి. అంత వేగంగా పెరిగినప్పుడు పాఠం చెప్పేవాళ్లు దొరకరు. అందుకే మాలాంటివాళ్లను బయటినుంచి పిలిపించుకున్నారు, తమ దేశంలో అప్పుడే డిగ్రీ పూర్తి చేసిన పిల్లలను వెంటనే అధ్యాపకులుగా నిలబెట్టారు. నా పక్క గదిలో కూర్చునే యువ అధ్యాపకుడు తన ఊరి బడుల గురించి, అక్కడ పిల్లలు ఎందుకు మానేస్తున్నారో, ఏ కాలంలో మానేస్తున్నారో గంటల తరబడి చెప్పగలిగేవాడు. కాని వారమంతా తరగతులు, సెలవుల్లో వచ్చే టీచర్లకు శిక్షణ, మిగిలిన సమయంలో జవాబు పత్రాలు దిద్దడం అయ్యేసరికి అతనికి తన ప్రశ్న మీద కూర్చునే వ్యవధి ఉండేది కాదు. పరిశోధన పేరుతో అతనికి దక్కినదల్లా, బయటినుంచి వచ్చిన బృందాలకు ప్రశ్నావళిని స్థానిక భాషలోకి మార్చి, బడులకు తీసుకెళ్లి, పిల్లల చేత నింపించి ఇవ్వడమే. ఆ సమాధానాలు ఏమయ్యాయో అతనికి మళ్లీ తెలిసేది కాదు.

ఇక మీరు ఇథియోపియా మీద రాస్తున్నారు కనుక, అక్కడి బోధనా భాష సంగతి తెలియకపోతే ఆ అధ్యాయం సగమే అవుతుంది. 1994 విద్యా విధానం ప్రాథమిక విద్యను, అంటే ఎనిమిదో తరగతి వరకు, పిల్లల మాతృభాషల్లో చెప్పాలని నిర్ణయించింది. అంత ధైర్యమైన నిర్ణయం ఆఫ్రికాలో మరొక పెద్ద దేశం తీసుకున్నట్టు నాకు తెలియదు. ఒరోమో, టిగ్రిన్యా, సోమాలీ వంటి భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. తొమ్మిదో తరగతి నుంచి మాత్రం అంతా ఇంగ్లిషే. కొన్ని ప్రాంతాలు అయిదో తరగతి నుంచో, ఏడో తరగతి నుంచో ఇంగ్లిషుకు మారాయి. ఇలా వేర్వేరు ప్రాంతాలు వేర్వేరు తరగతుల్లో మారడం వల్ల, ఎక్కడ చదువు బాగా అందుతోందో పోల్చి చూడడానికి సహజంగానే అవకాశం ఏర్పడింది. ఆ పోలికను స్వయంగా ఇథియోపియా విద్యాశాఖే కోరింది. ఇద్దరు ఇథియోపియా పరిశోధకులు, ఇద్దరు విదేశీయులు కలిసి 2007లో నివేదిక ఇచ్చారు. ఎనిమిదేళ్లూ మాతృభాషలో చదివిన పిల్లలే గణితంలోను, సామాన్య శాస్త్రాల్లోను మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది.

అయినా దేశం ఆ దిశలో గట్టిగా నడవలేదు. ఇంగ్లిషుకు తొందరగా మారిన ప్రాంతాల తల్లిదండ్రులు వెనక్కి వెళ్లడానికి ఇష్టపడరు. మన రాష్ట్రాల్లోనూ ఈ సంగతి చూస్తూనే ఉన్నాం కనుక వారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు. మరోవైపు అప్పటికే 2004 ప్రాంతం నుంచి ఉన్నత పాఠశాలల్లో ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు మొదలయ్యాయి. వాటిని దక్షిణాఫ్రికాలో ఇంగ్లిషులో తయారు చేయించారు. ఒకే సమయానికి దేశమంతటా అన్ని బడుల్లో తెర మీద పాఠం నడిచేది, తరగతిలోని టీచరుకు మొదట కొన్ని నిమిషాలు, చివర కొన్ని నిమిషాలు మాత్రమే దక్కేవి. పాఠం అర్థం కాలేదని పిల్లవాడు చెయ్యెత్తినా తెర ఆగదు. అలా చదివి విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థులకే నేను పాఠాలు చెప్పాను. వారి తెలివికి లోటు లేదు, వారు రాసే ఇంగ్లిషు వాక్యం మాత్రం వారి ఆలోచనను మోయలేకపోయేది.

2022లో పన్నెండో తరగతి జాతీయ పరీక్షను, ప్రశ్నపత్రాలు బయటికి పొక్కకుండా, మొదటిసారి విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో కట్టుదిట్టంగా నిర్వహించారు. రాసిన సుమారు 9 లక్షల మందిలో సగం మార్కులు దాటినవారు దాదాపు 30,000 మంది, అంటే నూటికి ముగ్గురు. మరుసటి ఏడాదీ దాదాపు అంతే. ఆ అంకె చదివిన రోజు నాకు చాలా బాధ కలిగింది. 2007 నాటి నివేదిక విద్యాశాఖ సొంత బీరువాలోనే ఉంది కదా అనిపించింది. కనుక మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: అక్కడి పరిశోధకుడికి సమయం లేదు. అతడు పాల్గొన్న పరిశోధన ఎప్పుడైనా వచ్చినా, దాన్ని అమలు దాకా పట్టుకుని నడిపించే విభాగం ప్రభుత్వంలో లేదు.

జవాబు: మూల్యాంకనం (ఢిల్లీ)

పై వ్యాఖ్యలో చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, దానికి కెన్యా నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. నేను విద్యా కార్యక్రమాల ఫలితాలను కొలిచే పనిలో ఉన్నాను. మా రంగంలో అందరూ మొదట చదివేది పశ్చిమ కెన్యాలోని బుసియా జిల్లా గురించే.

1990ల మధ్య నుంచి అమెరికా ఆర్థికవేత్త మైఖేల్ క్రెమర్, ఆయన సహచరులు అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో వరసగా ప్రయోగాలు చేశారు. కొన్ని బడులను లాటరీ పద్ధతిలో ఎంచి వాటికి ఒక సదుపాయం ఇవ్వడం, మిగిలినవాటికి తర్వాత ఇవ్వడం, రెండింటినీ పోల్చడం అన్నది పద్ధతి. పాఠ్యపుస్తకాలు ఉచితంగా పంచినప్పుడు సగటు మార్కులు పెరగలేదు, అప్పటికే బాగా చదివే పిల్లలు మాత్రం కాస్త ముందుకు వెళ్లారు. కారణం వెతికితే, పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నాయి, ఆ పిల్లల్లో చాలామందికి ఇంగ్లిషు మూడో భాష. 75 బడుల్లో నులిపురుగుల మందు ఇచ్చినప్పుడు గైరుహాజరు నాలుగో వంతు తగ్గింది, పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. ఈ రెండో ఫలితం మీద గణాంక పద్ధతుల విషయంలో 2015లో పెద్ద వాదమే నడిచింది, దాన్ని ఇక్కడ వివరించను. 2019లో క్రెమర్‌కు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు బుసియా పేరు ప్రపంచమంతా వినిపించింది.

అసలు చెప్పదలచుకున్నది దీని తర్వాతి కథ. 2003లో కెన్యా ప్రభుత్వం ప్రాథమిక విద్యకు ఫీజులు ఎత్తివేసింది. అంతకుముందే మలావి 1994లోను, ఉగాండా 1997లోను అదే పని చేశాయి. మలావిలో ఒక్క ఏడాదిలో ప్రాథమిక విద్యార్థులు సుమారు 19 లక్షల నుంచి సుమారు 30 లక్షలకు పెరిగారు. టీచర్ల సంఖ్య ఆ వేగంతో ఎక్కడా పెరగదు. ఈ పరిస్థితిలో పశ్చిమ కెన్యాలో ఒక ప్రయోగం జరిగింది. బడి కమిటీయే స్థానికంగా ఒక కాంట్రాక్టు టీచరును నియమించుకుంటే పిల్లల మార్కులు పెరుగుతాయని అందులో తేలింది. సరే, దీన్ని దేశమంతటికీ విస్తరించవచ్చా అని చూడడానికి దేశంలోని అప్పటి ఎనిమిది ప్రావిన్సుల్లోనూ 192 బడుల్లో మరొక ప్రయోగం చేశారు. ఇందులో విశేషమేమిటంటే, కొన్ని బడుల్లో ఆ కాంట్రాక్టు టీచర్ల పథకాన్ని ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థకు, మరికొన్నిట్లో ప్రభుత్వ విద్యాశాఖకు అప్పగించారు. జీతమూ ఒకటే, నియమావళీ ఒకటే. స్వచ్ఛంద సంస్థ నడిపిన చోట మార్కులు పెరిగాయి. ప్రభుత్వం నడిపిన చోట ఏ మార్పూ లేదు. ప్రభుత్వం వైపు జీతాలు ఆలస్యమయ్యాయి, పర్యవేక్షణ సన్నగిల్లింది. పైగా విద్యాశాఖ దేశవ్యాప్తంగా 18,000 మందిని కాంట్రాక్టు మీద తీసుకోబోతే ఉపాధ్యాయ సంఘం గట్టిగా ఎదిరించింది. ఆ సంఘం వాదనలో న్యాయం ఉంది. శాశ్వత ఉద్యోగి చేసే పనే తక్కువ జీతానికి చేయించుకుంటామంటే ఏ సంఘమైనా ఒప్పుకోదు.

ఈ ప్రయోగ నివేదిక రచయితల్లో కెన్యా ఆర్థికవేత్తలు ఉన్నారన్నది శోధిని గారు గమనించాలి. ‘ఏ ఉపాయం పనిచేస్తుంది’ అన్న ప్రశ్న నుంచి ‘ఎవరి చేతుల్లో పనిచేస్తుంది’ అన్న ప్రశ్నకు పరిశోధన మారింది. రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ దేశపు విద్యాశాఖ లోపలి వ్యవహారం, జీతాల బిల్లులు ఏ మెట్టు దగ్గర ఆగుతాయో, సంఘాల చరిత్ర ఏమిటో తెలియాలి. విమానం దిగి మూడు వారాలు ఉండి వెళ్లేవారికి అది అందదు.

పోల్చి చూడడానికి మన దగ్గరే ఒక అధ్యయనం ఉంది. 2005 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు 100 గ్రామీణ ప్రభుత్వ బడులకు అదనంగా ఒక్కొక్క కాంట్రాక్టు టీచరును ఇచ్చి చూశారు. అక్కడ పిల్లల చదువు మెరుగుపడింది. కెన్యా ఫలితాన్నీ ఈ ఫలితాన్నీ ఎదురెదురుగా పెట్టి, అక్కడి విద్యాశాఖకూ మన విద్యాశాఖకూ మధ్య తేడా ఏమిటని అడిగితే మీ అధ్యాయానికి మంచి ప్రశ్న దొరుకుతుంది.

ఇంకొక్క మాట. ఆఫ్రికాలో అంతా ఇలాగే ఉందనుకోకూడదు. దక్షిణాఫ్రికా విద్యాశాఖలో సొంత పరిశోధకులు ఉన్నారు. 2015లో ఆ శాఖే నార్త్ వెస్ట్ ప్రావిన్సులో, సెట్స్వానా మాట్లాడే పిల్లలున్న 230 బడుల్లో, చిన్న తరగతుల పఠనం మీద ప్రయోగం మొదలుపెట్టింది. టీచర్లను ఒక చోటికి పిలిచి శిక్షణ ఇవ్వడం కంటే, అనుభవజ్ఞుడొకరు బడికే వచ్చి తరగతిలో పక్కన నిలబడి సరిదిద్దడం ఎక్కువ ఫలితమిచ్చిందని తేలింది. ఆ దేశంలోనూ సమస్య చిన్నది కాదు. 2021 అంతర్జాతీయ పఠన పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివినది అర్థం చేసుకునే స్థాయికి చేరలేదు. అయితే ప్రశ్న వేసినవారూ, జవాబును అమలు చేయాల్సినవారూ ఒకే కార్యాలయంలో ఉన్నారు. నా దృష్టిలో అదే పెద్ద తేడా.

జవాబు: విక్టోరియా తీరం (కంపాలా)

దక్షిణాఫ్రికా ఉదాహరణను నేను అంత సులువుగా ఒప్పుకోలేను. ఆ దేశానికి పన్నుల రాబడి ఉంది, పాత విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. తక్కిన దేశాలకు లేనివి అవే. నేను చాలా కాలంగా ఉగాండాలో ఉంటున్నాను, ఇక్కడి విద్యావంతులతో నాకు పరిచయాలు ఉన్నాయి. గుంటూరు మిత్రులు చెప్పినట్టు అధ్యాపకుడికి సమయం లేదన్నది నిజమే కాని, ఆ సమయం ఎలా పోయిందో చెప్పకపోతే అది ఏదో ప్రకృతి వైపరీత్యంలా వినిపిస్తుంది.

కంపాలాలోని మకెరెరే విశ్వవిద్యాలయం 1922లో మొదలైంది. 1960ల్లో తూర్పు ఆఫ్రికా మొత్తానికి అది చదువుల కేంద్రం. తర్వాత ఈదీ అమీన్ కాలంలో విశ్వవిద్యాలయం ఛిన్నాభిన్నమైంది. అది కోలుకునే సమయానికి, అంటే 1980ల్లో, అప్పుల్లో ఉన్న ఆఫ్రికా దేశాలకు రుణాలిచ్చే సంస్థలు ఒక సలహాను షరతుగా పెట్టాయి. ప్రాథమిక విద్య మీద పెట్టే రూపాయికి వచ్చే లాభం ఉన్నత విద్య మీద పెట్టే రూపాయికి రాదు కనుక విశ్వవిద్యాలయాలకు ఇచ్చే డబ్బు తగ్గించుకోమన్నాయి. ఆ లెక్కలో ఒక లోపం ఉంది. ప్రాథమిక బడికి టీచరును తయారు చేసేది, పాఠ్యపుస్తకం రాసేది, ఆ పుస్తకం పనిచేస్తోందో లేదో చూసేది విశ్వవిద్యాలయమే. దాన్ని ఎండగట్టి బడిని పచ్చగా ఉంచడం సాధ్యం కాదు. ఒక తరం గడిచేసరికి జీతాలు చాలక అధ్యాపకులు కొందరు దేశం విడిచారు, ఉన్నవారు దాత సంస్థలకు కన్సల్టెంట్లుగా మారారు.

ఉగాండా రాజనీతి పండితుడు మహ్మూద్ మమ్దానీ 2010లో మకెరెరే సామాజిక పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా వచ్చినప్పుడు బహిరంగంగా ఎత్తి చూపినది ఈ కన్సల్టెన్సీ అలవాటునే. ప్రశ్నను డబ్బిచ్చేవాడు తయారు చేసి తెస్తే, జవాబు వెతకడమే పరిశోధకుడి పని అయిపోతుందని, ప్రశ్నను రూపొందించడం నేర్పని చోట పరిశోధన పెరగదని ఆయన వాదన. 2012లో ఆ సంస్థలోనే తరగతులతో కూడిన పిహెచ్.డి. కార్యక్రమం మొదలుపెట్టారు. దాని నిర్వహణ మీద తర్వాత వివాదాలూ వచ్చాయి. అయినా మీరు అడిగిన రెండో ప్రశ్నకు, అంటే అక్కడివారు తమ ప్రశ్నలను తామే ఎందుకు వేసుకోలేకపోతున్నారన్న దానికి, ఇంతకంటే సూటిగా సమాధానం వెతికిన ప్రయత్నం నాకు తెలియదు.

రాజకీయ కారణాన్నీ మరచిపోకూడదు. మన దేశంలో 2005లో ‘ప్రథమ్’ సంస్థ మొదలుపెట్టిన ‘అసర్’ సర్వేను చూసి, కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో 2009లో ‘ఉవేజో’ మొదలైంది. వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత రెండో తరగతి స్థాయి పాఠం చదివించి చూస్తారు. భారతదేశం నుంచి ఆఫ్రికాకు వెళ్లిన ఆలోచనల్లో దీన్ని నేను ఎంతో గౌరవిస్తాను, ఎందుకంటే ఫలితం మొదట తెలిసేది ఆ పిల్లవాడి తల్లికి. అయితే 2018లో టాంజానియా తన గణాంకాల చట్టాన్ని సవరించి, ప్రభుత్వ లెక్కలను ప్రశ్నించే అంకెలు ప్రచురించడాన్ని నేరం చేసింది. విమర్శలు రావడంతో 2019లో దాన్ని సడలించారు. ఆ ఏడాది పాటు అక్కడి పరిశోధకులు ఎంత భయంతో పనిచేశారో ఊహించండి.

ఇక 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయ సంస్థ యుఎస్ఎయిడ్‌ను మూసివేసింది. కెన్యాలో 2015 నుంచి చిన్న తరగతులకు పఠనం నేర్పిన ‘తుసోమే’ లాంటి కార్యక్రమాలకు డబ్బు వచ్చింది ఆ సంస్థ నుంచే. ఎన్నో దేశాల్లో బడి హాజరు వివరాలు కూడా ఇచ్చే జనాభా, ఆరోగ్య సర్వేలూ దానితోనే ఆగాయి. ఒక దేశపు పిల్లలు బడికి వెళ్తున్నారో లేదో తెలుసుకునే సాధనం మరొక దేశపు ఎన్నికల మీద ఆధారపడి ఉండడం ఎంత ప్రమాదమో ఇప్పుడు అందరికీ కనబడుతోంది. డబ్బు కారణం కాదని శోధిని గారు అనుకోవద్దు. డబ్బు ఎంత ఉందన్నదానికంటే అది ఎవరి ఖాతాలో ఉందన్నది ముఖ్యం. పరిశోధన, అభివృద్ధికి జాతీయాదాయంలో ఒక శాతం ఖర్చు చేస్తామని ఆఫ్రికా దేశాలు ఏనాడో తీర్మానించుకున్నాయి, ఇప్పటికీ అత్యధిక దేశాలు దాని దరిదాపుల్లో లేవు. ఆ ఒక శాతాన్ని సొంత బడ్జెట్‌లో చూపించమని అక్కడి పౌరులు తమ ప్రభుత్వాలను నిలదీయాలి.

శోధిని (హైదరాబాదు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను పిల్లల మార్కులనే పోల్చాలనుకున్నాను. మీరు చెప్పినవి చదివాక, ప్రశ్న ఎవరు వేశారు, ఫలితాన్ని ఎవరి చేతికి ఇచ్చారు అన్నది కూడా ప్రతి అధ్యయనానికీ పక్కన నమోదు చేయాలని నిర్ణయించుకున్నాను. అయితే రెండు సందేహాలు ఉన్నాయి. ఆఫ్రికా పరిశోధకులే మొదలుపెట్టి నడిపిన అధ్యయనం ఏదైనా పాతది ఉందా? అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారి రచనలు ఎక్కడ దొరుకుతాయి? మా గ్రంథాలయంలో ఉన్న పత్రికల్లో అవి కనబడడం లేదు.

జవాబు: పూర్వ అధ్యాపకుడు (గుంటూరు)

పాతది అంటే నైజీరియాలోని ఇఫే ప్రయోగం తప్పక చదవండి. 1970లో ఇఫే విశ్వవిద్యాలయంలో బాబ్స్ ఫఫున్వా ఒక ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లూ అన్ని విషయాలనూ యొరూబా భాషలో చెప్పించి, ఇంగ్లిషును ఒక పాఠ్యాంశంగా ప్రత్యేక టీచరు చేత నేర్పించారు. సగంలోనే ఇంగ్లిషుకు మారిన పిల్లలతో పోలిస్తే వీరు ఇంగ్లిషుతో సహా అన్ని విషయాల్లో మెరుగ్గా నిలిచారు. కొంత డబ్బు ఫోర్డ్ ఫౌండేషన్ నుంచి వచ్చినా ప్రశ్న మాత్రం ఆయనదే, పుస్తకాలు రాసినదీ అక్కడివారే. తర్వాత 1990లో ఆయన ఆ దేశపు విద్యామంత్రి అయ్యారు. అయినా ఆరేళ్ల మాతృభాషా బోధన జాతీయ విధానంగా ఆమోదం పొందడానికి 2022 దాకా పట్టింది, 2025 నవంబరులో దాన్ని మళ్లీ రద్దు చేశారు. ఢిల్లీ మిత్రులు ‘ఎవరి చేతుల్లో’ అన్నారు. ప్రశ్న వేసిన మనిషే మంత్రి కుర్చీలో కూర్చున్నా విధానం నిలబడలేదన్నది ఆ వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ. దీన్ని మీ అధ్యాయంలో దాటవేయకండి.

ఇఫే పక్కన బురుండీని పెట్టండి. ఫ్రెంచి వాడుకలో ఉన్న ఆఫ్రికా దేశాల్లో పిల్లల చదువును కొలిచే ‘పాసెక్’ పరీక్ష 2014లో జరిగినప్పుడు, చిన్న తరగతుల్లో అన్నిటికంటే పేద దేశాల్లో ఒకటైన బురుండీ పిల్లలే ముందు నిలిచారు. తక్కిన దేశాల్లో అత్యధికం మొదటినుంచీ ఫ్రెంచిలో చదువు చెబుతుంటే, బురుండీ పిల్లలు ఇంట్లో మాట్లాడే కిరుండీలోనే అక్షరాలు దిద్దుతారు.

ఇక పత్రికల సంగతి. ఆఫ్రికాలో వెలువడే పత్రికలను ఒక చోట చేర్చే ‘ఆఫ్రికన్ జర్నల్స్ ఆన్‌లైన్’ 1998 నుంచి ఉంది, చాలా వ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. ఆఫ్రికాలో ఉండి పనిచేసేవారి విద్యా పరిశోధనలకు ‘ఆఫ్రికన్ ఎడ్యుకేషన్ రిసెర్చ్ డేటాబేస్’ అని విడిగా ఒక సూచిక ఉంది, అందులో దేశం వారీగా వెతకవచ్చు. అడిస్ అబాబా విశ్వవిద్యాలయం తన ఎం.ఎ., పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను అంతర్జాలంలో పెడుతోంది. వాటిలో భాష కొన్నిచోట్ల కుంటుతుంది, గణాంకాలు చిన్నవిగా ఉంటాయి. కాని ఒకే జిల్లాలో ఏళ్ల తరబడి టీచరుగా పనిచేసిన మనిషి అదే జిల్లా గురించి రాసిన సమాచారం వాటిలో దొరుకుతుంది. మీ గైడు గారు వాటిని చిన్నచూపు చూస్తే, పద్ధతి బలహీనంగా ఉన్నచోట ఆ మాట చెబుతూనే ఉదహరించవచ్చని వారికి చెప్పండి.

‘యంగ్ లైవ్స్’ ఇళ్ల సర్వేలతో పాటు విడిగా బడుల సర్వేలు కూడా చేసింది. 2016-17 విడతలో ఇథియోపియాలోనూ మన రెండు రాష్ట్రాల్లోనూ బడి సంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పిల్లలకు పరీక్ష పెట్టారు. ముందుగా ఆ విడత ప్రశ్నపత్రాలను దింపుకుని, ఏ పిల్లవాడికి ఏ భాషలో పరీక్ష పెట్టారో చూడండి. తర్వాతే మార్కుల జోలికి వెళ్లండి.